వినకుండా పెట్టిన సంతకం

ఆ వార్త నాకు మొదట చెప్పింది కోటయ్య. నేను తహసీల్దారుగా పనిచేసిన ఆఖరి మండలంలో అతను ఒక ఊరి తలారి. ఆ ఉదయం పూజ ముగించి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్ గారూ, గురవమ్మ ఇల్లు పడగొట్టేశారండి."

"ఏ గురవమ్మ?" అన్నాను.

"క్వారీ పల్లె గురవమ్మండి. నిన్న తవ్వే మిషను వచ్చింది. మొదటి ఇల్లు కూలేటప్పటికి బకెట్టు పన్ను ఇరిగింది. మిగతా ఆరిళ్ళు ఎల్లుండి పడగొడతామని చెప్పిపోయారు. వాళ్ళంతా మిరపకోతల నించి ఇయ్యాల పొద్దున్నే బస్సు దిగారండి."

"గురవమ్మ ఏమంటోంది?"

"ఏమీ అనలా. గోడరాళ్ళు ఏరుకోని ఓ పక్కన పేర్చుకుంటంది. తిట్టినా బాగుండేదండి."

ఏ గురవమ్మ అని అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ ఇల్లు కూల్చమన్న ఉత్తర్వు మీద సంతకం నాది. అందులో మొదటి పేరు ఆమెది.

ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో చేసి, ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ఏ ఫైలు ఎలా నడపాలో అడుగుతారు. అది ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. సంతకం చేసే చెయ్యికి ఎక్కడిదాకా హక్కు ఉందో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు తెలిసినంతలో అది రాస్తున్నాను. నా తప్పులతో కలిపే రాస్తున్నాను.

నాన్న పెట్టిన తగువు

నేను పెద్ద బడిలో చదువుకున్నదాన్ని కాను. మా ఊళ్ళో అయిదో తరగతి దాటితే చదువు లేదు. బస్సు లేదు. ఆడపిల్లను అంత దూరం నడిపించడం ఇష్టంలేక నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదివించారు. ఆయన గురజాలలో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తా. వకీలుగారు పక్కన పడేసిన పాత లా పుస్తకాలన్నీ మా ఇంటి అటక మీదికి చేరేవి. మెట్రిక్ నుంచి బి.ఏ. దాకా అన్నీ ప్రైవేటుగా రాశాను. ఆ తర్వాత పోస్టులో పాఠాలు తెప్పించుకుని న్యాయశాస్త్రంలో డిగ్రీ ఒకటి చదివాను. దానితో కోర్టులో ప్రాక్టీసు చెయ్యడానికి వీల్లేదు. అందుకే దాన్ని పరీక్ష కోసం కాకుండా తీరిగ్గా చదవగలిగాను. ఇప్పుడు తలుచుకుంటే అదొక వరం అనిపిస్తుంది.

అందులో పడమటి దేశాల న్యాయతత్వం మీద ఒక పేపరు ఉండేది. నాన్న దాన్ని కోర్టు వ్యవహారంలా చెప్పేవారు.

"వాళ్ళు రెండువేల ఏళ్ళకు పైగా ఒకటే దావా నడుపుతున్నారమ్మా. ఇంకా తీర్పు రాలేదు. రాజు ఆజ్ఞ ఇస్తే చాలు, అది చట్టమేనా? లేక రాజుకి పైన ఇంకో ధర్మం ఉందా? ఇదీ దావా. ఇవాళ నువ్వు రాజు తరఫున మాట్లాడు. రేపు అవతలి తరఫున మాట్లాడాలి."

నాకు అవతలి పక్షమే నచ్చేది. మనిషి రాసిన చట్టం కన్నా ముందే ఒక న్యాయం ఉందని, అది ఏ దేశంలోనైనా ఏ కాలంలోనైనా మనిషి బుద్ధికి అందుతుందని, దానికి ఎదురుపోయిన శాసనానికి శాసనమనే పేరే తగదని పాతకాలపు గ్రీకుల దగ్గర్నుంచి మఠాల్లో కూర్చుని రాసిన క్రైస్తవ సన్యాసుల దాకా చెప్పారు. ఆ సన్యాసులు ఇంకో మాట కూడా అన్నారు. శాసనం అందరి మేలు కోసం ఉండాలి, అది జనానికి తెలిసేలా ప్రకటించి ఉండాలి. తెలియని శాసనంతో ఎవరినీ కట్టెయ్యలేరని దాని సారం. రోజూ దేవుడికి దీపం పెట్టుకునేదాన్ని. రాజు పైన ఒకడున్నాడంటే నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

"మరి అదే దేవుడి పేరు చెప్పుకుని ఇద్దరు కత్తులు తీస్తే?" అనేవారు నాన్న. "యూరప్‌లో అదే జరిగింది. ప్రతివాడూ దేవుడి న్యాయం తన పక్షానే ఉందన్నాడు. ఊళ్ళు తగలబడ్డాయి. అప్పుడు వచ్చింది రెండో పక్షం. ముందు నలుగురినీ అదుపులో పెట్టే రాజ్యం ఉండాలి, ఆ రాజ్యం చెప్పిందే చట్టం, అది మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న అన్నారు. మన పల్నాట్లో ముఠాలు చూసినదానివి, వాళ్ళ భయం నీకు అర్థం కాదూ?"

అర్థమైంది. మా చిన్నతనంలో రెండు వర్గాలవాళ్ళూ ఒకే గుళ్ళో కొబ్బరికాయ కొట్టి కొట్లాటకు బయల్దేరేవాళ్ళు.

"రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంకో సంగతి జరిగింది," అని ముగించేవారు. "జనాన్ని చంపించిన ఆఫీసర్లను బోనులో నిలబెడితే, పైవాళ్ళ ఆజ్ఞ ప్రకారమే చేశాం, అప్పటి మా చట్టం అదే అన్నారు. అంతటితో వదలలేదు వాళ్ళని. అందుకే దావా ఇంకా నడుస్తోంది అంటున్నాను."

నాన్న చెప్పినవాటిల్లో నా ఉద్యోగానికి ఎక్కువగా పనికొచ్చింది ఒక చిన్న కథ. ఎవరినైనా శిక్షించే ముందు అతని మాట వినాలన్న సహజ న్యాయ నియమానికి ఇంగ్లండు జడ్జీలు ఒక ఉదాహరణ చెప్పుకునేవారట. తోటలో తప్పు చేసిన మొదటి మనిషిని వెళ్ళగొట్టే ముందు దేవుడంతటివాడు కూడా పిలిచి, ఏం చేశావని అడిగాడట. "ఆయనకి తెలియక అడిగాడా?" అనేవారు నాన్న. "అన్నీ తెలిసినవాడే అడిగాడంటే, ఏమీ తెలియని మనం అడగకుండా ఎలా ఉంటాం?"

నా ఇష్టానికి దేవుడి పేరు

గురవమ్మ సంగతికి ముందు ఇంకో తప్పు ఒప్పుకోవాలి. దాని తర్వాతే నాన్న చెప్పిన రెండు పక్షాలూ నాకు సరిగ్గా అర్థమయ్యాయి.

అప్పటికి నేను డిప్యూటీ తహసీల్దారుగా కొత్త. ఒక పెద్దమనిషి విభూతి పెట్టుకుని వచ్చి, అమ్మవారి గుడికి వెళ్ళే దారికి పక్కావిడ కంచె వేసిందని, ఆడవాళ్ళు పూజలకు వెళ్ళలేకపోతున్నారని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. కాగితం, నోటీసు ఏమీ లేకుండా ఆ మధ్యాహ్నమే మనుషుల్ని పంపి కంచె తీయించాను. ఇంటికి వచ్చి అమ్మవారికి చెప్పుకున్నాను కూడా.

వారం తర్వాత అటు వెళ్తే తెలిసింది. ఆ గుడి కట్టి నెల కాలేదు. దారి అన్నది ఒక ఒంటరి ఆడమనిషి పెరట్లోంచి. ఆవిడ వంగమొక్కలన్నీ మేకల పాలయ్యాయి.

"మీరు నన్ను అడిగితే చెప్పేదాన్నిగా," అంది.

పిల్లలూ, చట్టం పైన ధర్మం ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ అది నా మనసులో ఉన్నదే అని నమ్మడం మానేశాను. ఎదుటి మనిషిని అడగకుండా నేను ధర్మం అనుకున్నదల్లా నా ఇష్టమే. నాన్న చెప్పిన రెండో పక్షంవాళ్ళు భయపడింది ఇలాంటి ఆఫీసర్ల గురించే. కంచె మళ్ళీ వేయించాను. మొక్కలు తెచ్చివ్వలేకపోయాను.

ఆ తర్వాత కాగితం లేకుండా ఏ పనీ చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు మంచిదే. కాగితం ఉంటే చాలనుకోవడం దగ్గరే నా రెండో తప్పు మొదలైంది.

తలుపుకు అంటించిన నోటీసు

వెల్దుర్తి దాటాక వచ్చే మెట్టపొలాల్లో నాపరాయి క్వారీ ఒకటి ఉంది. దాని పక్కన ఏడు ఇళ్ళు, అన్నీ రాళ్ళు కొట్టుకునే కుటుంబాలవి. ఊరందరికీ కరెంటు సరిగా అందక మోటార్లు కాలిపోతుంటే సబ్‌స్టేషను మంజూరైంది. మంచి పని. స్థలం ప్రభుత్వ పోరంబోకు. సర్వేయరు కొలిచి, ఏడు ఇళ్ళూ ఆ స్థలంలోనే ఉన్నాయని రాశాడు.

ప్రభుత్వ స్థలంలో ఇల్లుంటే ముందు నోటీసు ఇవ్వాలి. మనిషి దొరక్కపోతే ఆ నోటీసు ఇంటి తలుపుకు అంటించవచ్చు. గడువులోపల జవాబు రాకపోతే ఖాళీ చేయించి కూల్చమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంతా చట్టంలో ఉన్నదే. మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు తలారి కోటయ్య చేత నోటీసులు అంటింపజేసి, సాక్షుల సంతకాలు తీసుకుని, ఏడు నోటీసుల వెనకా ఒకే మాట రాశాడు: ఇంటివారు అందుబాటులో లేరు.

గడువు దాటింది. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. సంతకం పెట్టాను.

ఏడు ఇళ్ళవాళ్ళూ ఒకేసారి ఎందుకు లేరని నాకు తట్టలేదు. పల్నాట్లో పుట్టినదాన్ని. మిరపకాయ ఎర్రబడితే కూలిపల్లెలు తాళాలు వేసుకుని పొలాల గట్ల మీద పట్టలు కప్పుకుని వారాల తరబడి ఉంటాయని చిన్నప్పటినుంచీ చూస్తున్నదాన్ని. ఆ ఫైలు వచ్చిన నెలలో మా ఇంట్లో కారం కొట్టించుకున్నాను. అయినా తట్టలేదు. "వాళ్ళు కోతలకి బొయ్యారండి, వచ్చిందాకా ఆగుదామండి" అని కోటయ్య ఇన్‌స్పెక్టరుతో అన్నాడట. "ఏడికి పోయారో చట్టం అడగలేదులే, తలుపుకి పిండి పుయ్యి" అన్నాడట ఆయన. ఆయన్ని నేను తప్పుపట్టను. అడగాల్సింది నేను.

పై అధికారి గదిలో

కోటయ్య వార్త చెప్పిన గంటలో మిషను ఆపమని కాగితం ఇచ్చి, పై అధికారి దగ్గరికి బయల్దేరాను. నాకన్నా పాతికేళ్ళు చిన్నవాడు. పదునైన మనిషి. లంచానికి చెయ్యి చాపని మనిషి. ఆయన దగ్గర పనిచేసినందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

"మీ ఉత్తర్వు మీరే ఆపడమేంటి మేడమ్? ఒకసారి సంతకం చేశాక మీ పవర్ అయిపోయింది. అభ్యంతరం ఉంటే వాళ్ళు నాకు అప్పీలు చేసుకోవాలి," అన్నారు.

"నేను ఇచ్చింది ఉత్తర్వే కాదు సార్."

"అంటే?"

"ఎదుటివాళ్ళ మాట వినకుండా ఇచ్చాను. వినకుండా ఇచ్చింది తప్పు ఉత్తర్వని కూడా అనకూడదు. అసలు పుట్టనట్టే లెక్క. కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి."

"నోటీసు అంటించారుగా. సెక్షన్‌లో ఉంది. ప్రొసీజర్ ఫాలో అయ్యారు. ఇంకేం కావాలి?"

"తాళం వేసిన తలుపుకు చెప్పాం సార్. మనుషులకు చెప్పలేదు."

ఆయన పెన్ను కింద పెట్టారు. "చూడండి, మీ పూజగదిలో ఉన్నది చట్టం కాదు. గెజిట్‌లో ఉన్నది చట్టం. ప్రతి తహసీల్దారూ తన మనస్సాక్షిని అడిగి ఆర్డర్లు ఆపుతూ పోతే ఇక ప్రభుత్వం ఎందుకు?"

ఆ మాటలో నిజం ఉంది. వంగమొక్కల ఆవిడ గుర్తొచ్చింది.

"నా మనస్సాక్షిని వినమనట్లేదు సార్. దాన్ని నేనే నమ్మను. వాళ్ళని వినమంటున్నాను. ప్రభుత్వానికి ఆ స్థలం తీసుకునే అధికారం లేదని కూడా అనట్లేదు. విన్న తర్వాత కూడా ఖాళీ చెయ్యాల్సిందే అయితే నేనే దగ్గరుండి చేయిస్తాను."

"సరే, ఎవరు వింటారు? మీ ఉత్తర్వు మీద మీరే జడ్జీగా కూర్చుంటారా? తన కేసు తానే తీర్చకూడదన్నది కూడా మీ సహజ న్యాయమేగా!"

నాకు నవ్వొచ్చింది. మా నాన్న బతికుంటే ఆయనకి కాఫీ ఇచ్చేవారు.

"నేను తీర్చను సార్. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పంపుతాను. తీర్చేది మీరు."

చాలాసేపు ఫైలు తిప్పారు. "నాలుగు రోజులు," అన్నారు చివరికి. "సబ్‌స్టేషను లేటైతే రైతులొచ్చి మీ ఆఫీసు ముందే కూర్చుంటారు. సమాధానం మీరే చెప్పుకోండి. ఇంకోటి, మీ తప్పు మీరే రాతపూర్వకంగా ఇస్తున్నారు. రేపు అది మీ మీదికే వస్తుంది."

"రానివ్వండి సార్," అన్నాను. అక్కడే కూర్చుని, నా ఉత్తర్వు చెల్లదని నా చేత్తోనే రాసిచ్చాను.

గేదెను కట్టేసిన రాయి

మర్నాడు క్వారీ పక్కన టార్పాలిన్ కింద కూర్చున్నాం. నేను, సర్వేయరు, ఇన్‌స్పెక్టరు, కోటయ్య. ఏడు కుటుంబాలవాళ్ళూ ఎదురుగా నేల మీద. గురవమ్మ మాత్రం తన ఇంటి గోడరాళ్ళ కుప్ప మీద కూర్చుంది. అరవై దాటిన మనిషి. భర్త ఏడుకొండలు రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి అంతకు కొన్నేళ్ళ ముందే పోయాడని కోటయ్య చెప్పాడు.

మీ అభ్యంతరాలు చెప్పుకోవచ్చు అన్నాను.

"చెప్తే ఏందంట?" అంది గురవమ్మ. "నా ఇల్లు లేచి నిలబడిద్దా?"

"నీ ఇల్లు నిలబెట్టలేనమ్మా. మిగతా ఆరూ పడకుండా చూడగలనేమో."

"గేదెను కొనేటోడు గూడా ఒక పూట పాలు పిండి చూసుకుంటాడు మేడమూ. ఇల్లు కూల్చేటప్పుడు, దీంట్లో ఉండేటోళ్ళు ఏడికి బొయ్యారని ఒక్క మాట అడగలా మీరు?"

"ఏమే గురవమ్మా, మేడమ్ గారితో మాట్టాడే పద్ధతేనా అది?" అన్నాడు కోటయ్య.

"నువ్వు ఊరుకో కోటయ్య బావా. పిండి చానా బాగా ఉడకబెట్టావులే. కాయితం పీకితే తలుపు చెక్క గూడా ఊడొచ్చింది."

అందరూ నవ్వారు. కోటయ్య కూడా. ఆ నవ్వుతో కొంచెం గాలి ఆడినట్టయింది.

"అడగలేదమ్మా. అడగకపోవడం నా తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాను.

నేను సర్వేయర్ని ఎక్కడినుంచి కొలిచాడో అందరికీ చెప్పమన్నాను. అతను పటం విప్పి చెయ్యి చూపించాడు.

"అదిగోండి, ఆ మూల హద్దురాయి నుంచి. నెత్తిన బాణం గుర్తుంది. అక్కడినుంచి కొలిస్తే ఇళ్ళన్నీ సైట్లోకే వస్తున్నాయి."

ఆ రాయికి ఒక గేదెను కట్టేసి ఉంది. పలుపు ఒరుసుకుని రాయి నడుము నున్నగా మెరుస్తోంది.

అంతవరకూ గొణుక్కుంటున్న జనం ఒక్కసారిగా తలలు దించుకున్నారు. ఏదో ఉందని నాకర్థమైంది. గురవమ్మ ఏదో అనబోయింది. పక్కనున్న ముసలాయన ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు.

"నోరు తెరవబాకు గురవా. లోపలేస్తారు."

ఆ భయం ఉత్తదేమీ కాదు. సర్వే హద్దురాయిని కదిలించినా, దొంగ హద్దురాయి పాతినా నేరం. ఆ మాట వాళ్ళకి మా ఆఫీసువాళ్ళే ఎన్నోసార్లు చెప్పి భయపెట్టి ఉంటారు. మేం నలుగురం కుర్చీల్లో కూర్చుని, మా చేతుల్లో కాగితాలు పెట్టుకుని, నిజం చెప్పమని నేలమీద కూర్చున్నవాళ్ళని అడుగుతున్నాం. వినడం అంటే చెవులుంటే చాలదని అప్పుడు తెలిసింది. నేను కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ రాళ్ళ కుప్ప మీద గురవమ్మ పక్కన కూర్చున్నాను.

ఆమె ముసలాయన చెయ్యి విడిపించుకుంది.

"ఇంకేం ఏస్తారు మావా లోపల, ఇల్లే లేకపాయె. మేడమూ, ఆ రాయి మీది గాదు. మాది."

"మీదేంటి? బాణం గుర్తుందిగా," అన్నాడు సర్వేయరు.

"ఆ బాణం చెక్కింది నేను. నా చేతి పని నాకు తెలవదా? చూడు, తోక వంకర బోలా?"

ఆమె చెప్పింది ఇది. చాలా ఏళ్ళ కిందట సర్వే ఆఫీసుకి హద్దురాళ్ళు ఈ క్వారీ నుంచే వెళ్ళేవి. ఏడుకొండలు రాయి చెక్కేవాడు, ఆమె నెత్తిన బాణం గుర్తు కొట్టేది. పొట్టిగా ఉన్నా, గుర్తు వంకరపోయినా ఆఫీసువాళ్ళు పనికిరాదని పక్కన పడేసి పోయేవాళ్ళు. ఆ పడేసిన రాళ్ళన్నీ పల్లెలో మెట్లయ్యాయి, బట్టలుతికే బండలయ్యాయి. ఒకదాన్ని గేదె కోసం పాతుకున్నారు. అసలు మూలరాయి అక్కడికి చాలా దూరంలో, సర్కారుతుమ్మ చెట్ల మధ్య ఉంది. దాన్ని సర్వేవాళ్ళ ముందే గుంటతీసి నిలబెట్టింది ఏడుకొండలు.

సర్వేయరు ముఖం పాలిపోయింది. కొత్తగా వచ్చినవాడు. రాళ్ళు చెక్కే పల్లెలో బాణం గుర్తున్న రాయి కనబడితే అది హద్దురాయే కానక్కర్లేదని ఎవరికి తడుతుంది?

కంప కొట్టించాం. రాయి దొరికింది. దాని బాణం చక్కగా, నిటారుగా ఉంది. మిగతా రెండు హద్దురాళ్ళ నుంచి దానికి కొలిస్తే పటంలో ఉన్న దూరాలు సరిగ్గా సరిపోయాయి. దాని ప్రకారం ఏడు ఇళ్ళలో ఒక్కటీ సబ్‌స్టేషను స్థలంలో లేదు. అన్నీ పక్కనే ఉన్న గ్రామకంఠంలో, అంటే ఊరివాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి ఎప్పటినుంచో వదిలిన నేలలో ఉన్నాయి. గురవమ్మ ఇల్లు కూడా.

ఆమె వాంగ్మూలం రాశాను. వేలిముద్ర కోసం బొటనవేలికి సిరా పూస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చదువు."

చదివాను.

"ఇంకో మాట రాయాల. మా ఆయన దొంగరాయి పాతలేదని రాయి. గేదె కోసం పాతాడని రాయి. సర్కారుకి వందల రాళ్ళు చెక్కిచ్చాడు, ఒక్కటి గూడా జరపలా. పోయినోడి పేరు మీ కాయితాల్లో దొంగ అని పడకూడదు."

రాశాను. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుని అప్పుడు వేలిముద్ర వేసింది.

నివేదిక తీసుకుని పై అధికారి దగ్గరికి వెళ్తే ఆయన మొదటినుంచి చివరిదాకా చదివారు.

"రూల్ ప్రకారం ఆవిడ మీద కేసు పెట్టొచ్చు, తెలుసా?"

"పెట్టొచ్చు సార్. పనికిరాని రాళ్ళని గుర్తు చెరపకుండా అక్కడే వదిలేసి వచ్చిన మన ఆఫీసు మీద, వినకుండా సంతకం పెట్టిన నా మీద పెట్టాక."

ఆయన కేసు పెట్టలేదు. నా ఉత్తర్వు కొట్టేస్తూ సంతకం చేసి, కాగితం నా వైపు తోస్తూ అన్నారు: "ఇది చట్టం ప్రకారమే కొట్టేశాను మేడమ్. మీ దేవుడి ప్రకారం కాదు."

"అలాగే సార్," అన్నాను. మాకిద్దరికీ నవ్వొచ్చింది. నాన్న చెప్పిన దావాలో ఆ రోజు ఏ పక్షం గెలిచిందో నాకు ఈనాటికీ తెలియదు. రెండు పక్షాలవాళ్ళూ ఒకే కాగితం మీద సంతకం చెయ్యగలిగారు. నాకది చాలు.

సోమవారాలు

సబ్‌స్టేషను అసలు స్థలంలో కట్టారు. మోటార్లు నడుస్తున్నాయి. ఆరు ఇళ్ళూ అలాగే ఉన్నాయి. నాకు ఛార్జి మెమో వచ్చింది. దానికి జవాబుగా జరిగింది జరిగినట్టు రాశాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు. న్యాయమే.

గురవమ్మ ఇంటి సంగతి అలా తేలలేదు. చెల్లని ఉత్తర్వుతో కూల్చిన ఇంటికి నష్టపరిహారం ఏ పద్దు కింద ఇవ్వాలో ఎవరికీ అర్థంకాక ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరిగింది. పల్లెవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి, ఆమె ఏరి పేర్చుకున్న రాళ్ళతోనే రెండు గదులు లేపారు. ఆ రెండు గదుల్లోనే ఆమె పోయిన వేసవిలో కన్నుమూసింది. ప్రభుత్వం నుంచి ఆమెకు ఏమీ అందలేదు.

ఆ ఫైలును నేను వదల్లేదు. గురవమ్మ కూతురు మాచర్లలో ఉంటుంది. ఆమె తరఫున ప్రతి సోమవారం అర్జీల రోజున నరసరావుపేట కలెక్టరాఫీసుకి వెళ్ళి, అందరితోపాటు వరసలో నిలబడుతున్నాను. నన్ను గుర్తుపట్టి లోపలికి వచ్చి కూర్చోమంటారు. వద్దంటాను. ఎన్నో ఏళ్ళు బల్లకి ఇవతల కూర్చున్నాను. అటువైపు నిలబడితే కాళ్ళు ఎంత నొప్పిపుడతాయో ఇప్పుడే తెలుస్తోంది. ఈ తెలివి ముందే ఇవ్వనందుకు దేవుడి మీద కోపమేమీ లేదు. ఇప్పటికైనా ఇచ్చాడు. ఆ ఫైలు తేలేదాకా వెళ్తాను.

పిల్లలూ, రాజ్యానికి అధికారం ఉంది. ఉండాలి కూడా. అది లేని రోజులు మా ఊళ్ళు చూశాయి. ఆ అధికారం మీ పెన్నులోంచి బయటికి వస్తుంది. చట్టం చెప్పే పద్ధతిలో మీరు కనీసం ఎంత చెయ్యాలో మాత్రమే ఉంటుంది. అంటించమంటే అంటించండి. అంటించి ఊరుకోకండి. తలుపుకు తాళం ఎందుకు ఉందో అడగండి. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగండి. వచ్చాక వాళ్ళ పక్కన కూర్చోండి. భయపడే మనిషి దగ్గర నిజం వినాలంటే ముందు ఆ భయం మన వల్లే పుట్టిందని ఒప్పుకోవాలి. ఇంత చేసినా తప్పులు జరుగుతాయి. అప్పుడు మీ తప్పును మీ చేత్తోనే రాసివ్వండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాకు చదువు చెప్పినవాళ్ళకీ, వార్త తెచ్చినవాడికీ, నన్ను నిలదీసిన అధికారికీ రోజూ దీపం దగ్గర దణ్ణం పెట్టుకుంటాను. వాళ్ళను గుర్తుపెట్టుకోవడం నా పని. మిమ్మల్ని అడిగేది ఒక్కరి గురించే. అప్పటికే ఇల్లు పోగొట్టుకుని, నిజం చెప్తే జైలు కూడా తప్పదనుకుంటూ, పక్కవాళ్ళ ఆరిళ్ళ కోసం ఆ నిజం చెప్పింది గురవమ్మ. మా రికార్డులో ఆమెకు ఒక వేలిముద్ర తప్ప ఇంకేమీ లేదు. ఆమె పేరు మీరు గుర్తుపెట్టుకోండి.